అత్త పేరు మీద నడక

కప్పగల్లు
డిసెంబరు 9

తారానగర్ రజని వదినకు, కప్పగల్లు నుంచి నాగలక్ష్మమ్మ రాసేది. ఈడ అందరమూ బాగుండాము. నువ్వూ చక్రధరన్నా బాగుండారని తలుస్తాండా.

ఫోన్ ఉండంగా ఈమె కాగితం మీద ఏంది రాస్తాంది అనుకుంటావు. నా కోడలి తల్లివి నువ్వు, నీతో నాలుగు మాటలు నెమ్మదిగా మాట్లాడుకుందామంటే ఈ ఇంట్లో తావు లేదు వదినా. నా ఎడమ చెవి మందం, నీకు తెలుసు కదా. స్పీకర్ పెట్టల్ల. స్పీకర్ పెడితే వంటింట్లో మనోజ్ఞకూ వినపడతాది, వాకిట్లో పోయేవాళ్ళకూ వినపడతాది. మెసేజ్ పెడదామంటే, నా ఫోన్లోకి వచ్చేదంతా విక్రమ్ ట్యాబులోకీ వస్తాదంట. "నీకు ఎవురో దొంగ లింకులు పంపిస్తారమ్మా, నేను ఒక కన్నేసి ఉండల్ల" అన్నాడు. అందుకే పాప స్కూలు నోటులో నుంచి రెండు కాగితాలు చింపుకొని కూచున్యా.

పోయిన నెల నా చేతికి ఒక వాచ్ తెచ్చి కట్టినాడు. టైం చూసుకునే వాచ్ కాదు. గుండె ఎట్ల కొట్టుకుంటాంది, ఎంత నడిచినా, ఎంతసేపు పండుకున్యా, అన్నీ లెక్క పెట్టి వాని ఫోనుకు పంపిస్తాదంట. హాల్లో పైన కెమెరా ఒకటి. లారీలకన్నిటికీ జీపీఎస్ పెట్టినాడు కదా, హోస్పేట రోడ్డులో ఏ లారీ యాడ నిలబడిందో ఆఫీసులో కూచొని చూస్తాంటాడు. నేనూ ఒక లారీ అయిపోతిని. మంచం మీద రోంతసేపు నడుము వాల్చినానంటే ఫోను. "అమ్మా, ఈ పొద్దు నడవనే లేదు కదా, డాక్టరు ఏం చెప్పినాడు?" అని గలాటా.

వాని భయం నాకు తెలుసు. మీ అన్న, విక్రమ్ నాయన, చేన్లో మోటరు కాడ గుండె ఆగి పడిపోతే, పొద్దు వాలేదాకా ఎవురికీ తెలీలేదు. ఆ దినం వాని మనసులో నుంచి పోదు. అందుకే నోరెత్తను. కానీ బేజారు అయితాంది.

ఇంకొక మాట. తప్పు పట్టుకోవద్దు. మనోజ్ఞ ఈ మధ్య శానా మెత్తబడింది. బోకులు తోముతా తోముతా గోడకు ఒరిగి కూచుంటాది. పిలిస్తే రెండోసారికి గానీ పలకదు. అలిగిందో, చేసేది ఇష్టం లేదో నాకు తెలీదు. నేను అడిగితే అత్త ఆరా అయితాది. నువ్వు తల్లివి, ఒక మాట అడుగు.

గురెళ్ళ కారంపొడి చేసినావంటే రోంత పంపించు. నీ చేతి పొడి లేక రొట్టె దిగడంలే.

ఇట్లు
నాగలక్ష్మమ్మ


తారానగర్
డిసెంబరు 21

నాగలక్ష్మమ్మ వదినకు రజని నమస్కారాలు.

మీ జాబు అందింది. పోస్టాయన తెచ్చిస్తే, ఏదో కోర్టు కాగితం అనుకొని మా ఇంటాయన, మీ అన్న, భయపడినాడు. ఇంటికి ఉత్తరం వచ్చి ఎన్నేండ్లయిందో.

ఈడ మేం మామూలే. ఇనుప గని లారీలు పోతానే ఉంటాయి, ఆరేసిన గుడ్డలు ఎర్రగా అయితానే ఉంటాయి. మీ అన్న దగ్గు తగ్గలేదు. ఇన్నేండ్లు గని కాడ లారీల తూకం చూసి, ఆ దుమ్మంతా పీల్చిన మనిషి. బళ్ళారికి పోయి ఎక్స్‌రే తీపిద్దాం రా అంటే, డాక్టర్లంతా దొంగలని ఫోన్లో ఎవరో చెప్పినారంటాడు. ఆయనకు ఫోనే డాక్టరు. దగ్గుకు మిరియాలు, మోకాళ్ళకు మెంతులు, నిద్రకు జాజికాయ. పొద్దున లేస్తే ఏదో ఒక వీడియో పెట్టుకొని, "రజనీ, ఇది ఉడకబెట్టు" అంటాడు. నేను ఉడకబెడతానే ఉంటా. మీకు ఒక్క వాచ్‌తో బేజారు. నాకు దినానికొక కషాయం.

మనోజ్ఞ గురించి రాసినారు. నా బిడ్డ పనికి వెనక్కు పోయే రకం కాదు వదినా. పెండ్లికి ముందు ఈ ఇంట్లో నీళ్ళు మోసింది, నాకు ఆపరేషన్ అయినప్పుడు వంట చేసింది, డిగ్రీ చదివింది. మీరు చెప్పినారని నిన్న ఫోన్ చేసినా. "ఏం లేదమ్మా, సుస్తు. పాపకు పరీక్షలు కదా" అనింది. రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది. ఈ మధ్య ఎప్పుడు చేసినా అంతే. పెద్దింటి కోడలయింది, అమ్మతో మాట్లాడే తీరిక యాడిదిలే అని నేనూ ఊరుకున్యా.

పొడి పంపిస్తాండా. రోంత కారం ఎక్కువయింది.

మీ
రజని


కప్పగల్లు
జనవరి 18

రజని వదినకు,

పొడి అందింది. కారమేం లేదు. విక్రమ్ రెండు రొట్టెలు ఎక్కువ తిన్యాడు.

పోయిన జాబులో నీ బిడ్డ మీద చెప్పింది వెనక్కు తీసుకుంటాండా. నవ్వద్దు, విను.

ఆ వాచ్ పట్టీకి నా మణికట్టంతా ఎర్రగా లేచి ఒకటే దురద. ఇంకొకపక్క మోకాలు. సాయంత్రం హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు నడవల్లంటే నాకు ఏడుపొస్తాది. నడవకపోతే విక్రమ్ వచ్చినాక గలాటా. ఒక దినం నేను వాచ్ విప్పి టీవీ మీద పెట్టి కూచున్యా. మనోజ్ఞ చూసింది. ఏమీ అనలేదు. వాచ్ తీసి తన చేతికి కట్టుకొని, "అత్తా, మీరు కూచోండి. మీ నడక నేను నడుస్తా" అనింది!

అప్పటి నుంచి అదే నడుస్తాంది. నీళ్ళు పట్టేటప్పుడు, కసువు ఊడ్చేటప్పుడు, పాపను బస్సు కాడికి తీసుకుపోయేటప్పుడు, అన్నీ నా లెక్కలోకే. విక్రమ్‌కు ఎంత సంతోషమో, లెక్క బాగుండాదని కెమెరా చూసేదే మానుకున్యాడు. "అమ్మా, ఈ నెల నువ్వు భలే మారినావు" అని ఆఫీసులో అందరికీ ఫోన్ చూపించినాడంట. నేను మనోజ్ఞ దిక్కు చూస్తే, అది కొంగు నోట్లో పెట్టుకొని వంటింట్లోకి పోయింది. పెండ్లయినప్పటి నుంచి మేమిద్దరం కలిసి నవ్వింది ఆ దినమే అనుకుంటా. అలిగి కూచుంటాంది అనుకున్యా కదా, అలక కాదు. బాగుంటాది నాతో.

అది స్నానానికి పోయేటప్పుడు, విక్రమ్ ఇంట్లో ఉండేటప్పుడు మాత్రం నేను కట్టుకుంటా. ఇది నీకూ నాకే. విక్రమ్‌కు తెలిస్తే మూతి ముడుచుకొని వారం దినాలు మాట్లాడడు.

నాగలక్ష్మమ్మ


తారానగర్
జనవరి 30

వదినా,

మీ జాబు చదివి నవ్వు ఆపుకోలేకపోయినా. మీ అన్నకు చెప్పలేదు, చెప్తే అల్లునికి ఫోన్ చేసి తానే చెప్పేస్తాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

నవ్వినాక ఒక మాట మనసులో తిరుగుతాంది. రాయల్లా వద్దా అనుకుంటాండా. మొన్న మనోజ్ఞ వాళ్ళ నాయనతో మాట్లాడతా, మిద్దె మెట్లెక్కితే ఎగపోస్తాంది నాయనా అనిందంట. ఈయన బీట్‌రూట్ రసం వీడియో పంపించినాడు. తాగినావా అని అడిగితే తాగినా అనిందంట. ఇంతే. పెద్ద విషయమేం కాదు. సన్నంగా ఉంటాది కదా, తిండి సరిగ్గా తింటాందో లేదో ఒకసారి చూడండి. అందరికీ పెట్టినాక మిగిలింది తినే అలవాటు దానిది. నాదీ అంతే అనుకోండి.

మీ అన్నకు దగ్గుతో నిద్ర లేదు, నాకూ లేదు. ఇంతటితో ఆపుతాండా.

రజని


కప్పగల్లు
ఫిబ్రవరి 16

వదినా,

ఇది ఎవురికీ చూపించద్దు.

గురువారం మధ్యాహ్నం విక్రమ్ హోస్పేట దిక్కు నుంచి కారు ఎట్ల తోలుకొచ్చినాడో, చెప్పులు కూడా విప్పకుండా ఇంట్లోకి ఉరికినాడు. ముఖమంతా చెమట. నేను మంచం మీద కూచొని బియ్యం ఏరుతాండా. "అమ్మా, ఎట్లుండాది? ఎదలో నొప్పా? చెయ్యి లాగుతాందా?" అంటాడు. ఏం లేదప్పా అంటే నమ్మడు. వాచ్ నుంచి వాని ఫోనుకు వచ్చిందంట: కూచొని ఉన్యా గుండె ఉరుకుతాంది, వెంటనే డాక్టరుకు చూపించల్ల అని. ఆ దినమే కాదు, వారం నుంచి వస్తాందంట. వాడు చూసుకోలేదు.

నన్ను ఎత్తి కార్లో కూచోబెట్టినాడు. మనోజ్ఞ వాకిట్లో నిలబడి ఉన్యాది. వాచ్ ఉన్న చెయ్యి కొంగు కింద పెట్టుకొని నా దిక్కు చూసింది. చెప్పొద్దు అన్నట్టు తల ఊపింది. నేను కార్లో కూచున్యాక నా చేతికి వాచ్ తగిలించిందది, విక్రమ్ తాళాలు వెతికే సందులో.

బళ్ళారి కంటోన్మెంట్‌లో గుండె డాక్టరు అన్ని పరీక్షలూ చేసినాడు. ఈసీజీ, స్కానింగు, సూదులు. "ఏనూ ఇల్లమ్మా, చెన్నాగిద్దీరి" అన్నాడు. ఏమీ లేదు, బాగుండావు అని. వాచీలు ఒక్కోసారి తప్పు చెప్తాయి అన్నాడు. విక్రమ్ ఒప్పుకోలేదు. మెషిన్ తప్పు చెప్పదు సార్ అని ఇంకొక ఆసుపత్రికి తీసుకుపోయినాడు. ఆడా అంతే. రెండు దినాలు పండబెట్టి ఇంటికి పంపినారు. నా రెండు చేతులూ సూదులకు నల్లగా కమిలిపోయినాయి.

అది నొప్పి కాదు వదినా. ఆ మంచం మీద పండుకొని నేను ఒకటే అనుకుంటాండా. మెషిన్ తప్పు చెప్పలేదు. గుండె నాది కాదు.

ఇంటికొచ్చినాక మనోజ్ఞను పక్కకు పిలిచి అడిగినా. "ఏం లేదత్తా, ఆ పొద్దు గుడ్డలు పిండి ఉన్యా, అందుకే" అనింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉండాది. గోళ్ళు తెల్లగా ఉండాయి. విక్రమ్‌కు చెప్తా అంటే ఏడ్చింది. "మీకు ఇన్ని సూదులు గుచ్చినాక ఇప్పుడు చెప్తే నన్ను కొట్టినంత పని చేస్తాడు, నాకు ఆ అరుపులు వినే శక్తి లేదు" అనింది. చెప్పనులే అని మాటిచ్చినా.

ఇప్పుడు ఆ మాట తప్పల్లా, నిలబెట్టుకోవల్లా? ఏం చెయ్యమంటావు?

నాగలక్ష్మమ్మ


తారానగర్
ఫిబ్రవరి 22

నాగలక్ష్మమ్మ గారికి,

మీ జాబు ఈ పొద్దు అందింది. మీరు రాసి ఆరు దినాలయింది. ఆరు దినాలు నా బిడ్డ గుండె అట్ల ఉరుకుతానే ఉంటే మీరు మాటకు కట్టుబడి కూచున్నారు.

మీ ఇంట్లో నా బిడ్డకు ఉండే పని చాలదని మీ నడక కూడా అదే నడవల్లనా? మీకు దురద అయితే పట్టీ మార్చమని కొడుకుకు చెప్పలేరా? మోకాలు నొప్పి అని నోరు తెరిచి చెప్పలేరా? కన్న కొడుకుకే భయపడి కోడలిని అడ్డం పెట్టుకున్నారు. నేను కూడా చదివి నవ్వినా. ఆ నవ్వు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం పుడతాంది.

పోయిన దసరాకు వచ్చినప్పుడు అది నాకొక మాట చెప్పింది. నెల నెలా శానా అయితాంది, పది దినాలైనా ఆగడంలేదు అని. ఆ వయసుకు అందరికీ అంతే అని చెప్పి పంపించినా. మా అమ్మ నాకు అట్లే చెప్పింది. ఇప్పుడు మీరు రాసిన గోళ్ళు, చల్లటి చెయ్యి, మెట్లెక్కితే ఎగపోత, అన్నీ కలిపి చూస్తే ఒకటే జబ్బు అనిపిస్తాంది.

మీ కొడుకుకు చెప్పండి. ఈ కాగితం అందినంక కూడా చెప్పకపోతే నేనే వచ్చి చెప్తా. ఫోన్ చేద్దామంటే అది ఎత్తడంలేదు, అల్లునికి ఫోన్లో చెప్పే సంగతి కాదు.

రజని


బళ్ళారి, ఆసుపత్రి
మార్చి 2

రజని వదినకు,

మూడు దినాలు నువ్వు ఈడనే ఉంటివి. బిడ్డ మంచానికి ఆ పక్క నువ్వు, ఈ పక్క నేను. ఒక్క మాట మాట్లాడకుండా చక్రధరన్నను చూసుకోవల్లని నిన్న పోతివి. నేను బస్‌స్టాండ్ దాకా వస్తా అంటే తల అడ్డంగా ఊపితివి. తిట్టినా బాగుండేది. నువ్వు రాకముందు ఏం జరిగిందో నీకు ఎవురూ సరిగ్గా చెప్పలేదు. కాబట్టి రాస్తాండా. ఆసుపత్రి చీటీల వెనక రాస్తాండా, అక్షరాలు సరిగ్గా లేకుంటే సర్దుకో.

నీ జాబు నాకు అందేలోపలే విక్రమ్‌కు చెప్పేసినా. మాట తప్పినా. రాత్రి ముద్ద తినేటప్పుడు, "విక్రమా, వాచ్ నా చేతికి లేదు, మనోజ్ఞ చేతికి ఉండింది. డాక్టరుకు చూపించల్సింది ఆ బిడ్డను" అన్నా. వాడు ముద్ద చేతిలో పెట్టుకొని మనోజ్ఞ దిక్కు చూసినాడు. మనోజ్ఞ నిదానంగా, "లేదు. అత్తకు ఆసుపత్రిలో మందులిచ్చినప్పటి నుంచి మతిమరుపుగా ఉండాది" అనింది. నేను అబద్ధమయితిని. వాడు చెయ్యి కడుక్కొని లేచిపోయినాడు. వాని బాధ వానిది. అమ్మకు జబ్బు దాచిపెట్టుకునే బుద్ధి అనుకున్యాడు.

తెల్లారి మనోజ్ఞ గుడ్డలు ఉతికే బండ కాడ పడిపోయింది. పడిన చప్పుడు నాకు వినపడలేదు, నా చెవికి ఏం వినపడతాది. పాప వచ్చి కొంగు పట్టుకొని లాగితే పోయినా. బండ మీద తల ఆనించుకొని, కండ్లు సగం మూసి. చీరంతా రక్తం. తల పగిలిందేమో అనుకున్యా. అది తల నుంచి వచ్చిన రక్తం కాదు.

డాక్టర్ ఉషమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి, "ఎన్నాళ్ళ నుంచి ఇట్లుండాది ఈమె?" అని అడిగింది. విక్రమ్ నా దిక్కు చూసినాడు. నేను వాని దిక్కు చూసినా.

గర్భసంచిలో గడ్డలంట. చెడ్డవి కాదంట. ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదంట. ఉన్న రక్తాన్నే అన్నిచోట్లకూ అందియ్యల్లని గుండె అట్ల ఉరికిందంట. ఇంకొక వారం అయ్యింటే చేతికి అందేది కాదు అని నాతో మాత్రం చెప్పింది.

నువ్వు వచ్చిన దినం సాయంత్రం వార్డు బయట విక్రమ్ బెంచీ మీద కూచొని ఫోన్లో ఏదో చూస్తాండాడు. లారీలేమో అనుకొని, "ఇప్పుడు కూడానా" అని అరిచినా. వాడు ఫోన్ నా దిక్కు తిప్పినాడు. మా హాల్లో కెమెరా పట్టిన బొమ్మలు. ఏ దినం తీసినా అదే. మనోజ్ఞ నడుస్తాది, గోడ పట్టుకొని నిలబడతాది, చెయ్యి ఎద మీద పెట్టుకుంటాది, మళ్ళా నడుస్తాది. నేను మంచం మీద కూచొని ఏదో చెప్తానే ఉంటా. వాడు, "అమ్మా, ఇది దినామూ నా ఫోన్లో ఉన్యాది. నేను నీ లెక్కలే చూస్తాంటి" అన్నాడు. అని ముఖం గోడ దిక్కు తిప్పుకున్యాడు.

నేను కూడా కెమెరా కింద కూచొని చూడలేదు కదా, వాన్ని ఏమనల్ల.

నువ్వు రాసిందాంట్లో ఒక్క మాట తప్పు లేదు. నీ బిడ్డను అడ్డం పెట్టుకున్యా. తిట్టు. కానీ మాట్లాడు వదినా.

నాగలక్ష్మమ్మ


తారానగర్
ఏప్రిల్ 6

వదినా,

ఒక నెల ఆలస్యంగా రాస్తాండా. కోపం అనుకోవద్దండి, కోపం ఆసుపత్రిలోనే అయిపోయింది. తర్వాత మిగిలింది సుస్తు.

మనోజ్ఞ, పాప ఈడికొచ్చి మూడు వారాలయింది. నాలుగు సీసాల రక్తం ఎక్కించినాక పెదవుల్లో రోంత రంగు వచ్చింది. మాత్రలకు కడుపు తిప్పుతాది, అయినా మింగుతాంది. గడ్డలకు ఆపరేషన్ రెండు నెలలు ఆగి చేద్దామనింది ఉషమ్మ. అంతవరకూ రక్తం ఆగేదానికి మందులిచ్చింది. ఆగింది కూడా.

మిగతా టైమంతా నిద్రే వదినా. పొద్దున తిని పండుకుంటాది, మధ్యాహ్నం లేచి తిని మళ్ళా పండుకుంటాది. మొన్న పిలిస్తే ఉలిక్కిపడి లేచి, "పాలు పొంగినాయా?" అనింది. పాలు లేవు, ఏం లేవు, పండుకో అన్నా. నా బిడ్డ ఇన్ని నెలలు ఎట్ల నిలబడిందో.

ఒక దినం అడిగినా, అత్త నడక నీకేల అని. మీ మీద చెప్తాదేమో అనుకున్యా. అది ఏమనిందంటే, "అత్త నడవకపోతే సాయంత్రం ఆయన వచ్చి అరుస్తాడు. అత్త ఏడుస్తాది. పాప మూల కూచుంటాది. అదంతా వినేదానికన్నా నడిచేదే సులభం అనిపించిందమ్మా" అనింది.

మీ అన్న సంగతి వినండి. బిడ్డకు రక్తం ఇస్తానని ముందుకు పోతే ఆ దగ్గు విని నర్సమ్మ గద్దించి ఎక్స్‌రేకు పంపించింది కదా. ఊపిరితిత్తుల్లో దుమ్ము పట్టిందంట. ఇప్పుడు పొద్దునా సాయంత్రం నోట్లోకి కొట్టుకునే మందు. నిద్రపోతాండాడు. వీడియోలు చూసేది మానలేదు గానీ, బిడ్డకు మాత్రం ఏదీ తాగమని చెప్పడంలేదు. బీట్‌రూట్ పేరెత్తితే లేచి బయటికి పోతాడు.

అల్లుడు దినామూ వీడియో కాల్ చేస్తాడు. బిడ్డ కనపడల్లంటాడు. వచ్చే ఆదివారం వచ్చి తీసుకుపోతా అని నిన్న అన్నాడు. నర్సును పెడతాడంట, వంటకు మనిషిని పెడతాడంట. మనోజ్ఞ ఫోన్ నా చేతికిచ్చి లోపలికి పోయింది. దాని మనసులో ఏముండాదో నాకు అర్థమయింది, అల్లునికి చెప్పే ధైర్యం నాకు లేదు. పెండ్లి చేసి పంపించిన ఇల్లు. నాలుగు దినాలు ఎక్కువ ఉంటే ఊర్లో ఒక మాట, మీ దిక్కు ఒక మాట. మీరు ఏం చెప్తే అది.

మీ
రజని


కప్పగల్లు
ఏప్రిల్ 10

వదినా,

వదినా అని రాసినావు. అది చాలు. ఈ కాగితం ఆదివారం లోపల అందల్లని పక్కీరప్ప చేతికిస్తాండా. మన లారీ డ్రైవరే, మీ ఊరి మీదుగా పోతాడు. విక్రమ్‌కు చెప్పుకుంటే చెప్పుకోనీ, ఇప్పుడు నాకు దాచేది ఏం లేదు.

ఇల్లు ఎట్లుండాదంటే, నేను రొట్టె తడతా, వాడు మాడిన పక్క తీసేసి తింటాడు. గుడ్డలు మెషిన్‌లో వేసేది వానికీ తెలీదు, నాకూ తెలీదు. ఆ మెషిన్ కొని రెండేండ్లయింది, కరెంటు బిల్లు అని నేనే వద్దంటి, బండ మీద ఉతకమంటి. మొన్న వాడు ఫోన్లో చూసి తిప్పినాడు, తెల్ల చొక్కాలు నీలంగా అయినాయి. హాల్లో కెమెరా తీసేయమన్నా, తీసేసినాడు. వాచ్ మాత్రం నేను తీయమనలేదు. సాయంత్రం వాకిట్లో నాకు చేతనయినంత నడుస్తాండా. నడవలేని దినం, నడవలేదప్పా అని చెప్తాండా. వాడు అరవడంలేదు. అరిచేదానికి కూడా సుస్తు పట్టింది అనుకుంటా.

మనోజ్ఞకు కొత్త వాచ్ ఒకటి కొనుక్కొచ్చి డబ్బా టేబుల్ మీద పెట్టినాడు. వానికి ఇంకే భాష రాదు వదినా. వాళ్ళ నాయనకు కూడా వచ్చేది కాదు. ఆయన ఎరువుల మూటలు తెచ్చేవాడు, వీడు డబ్బాలు తెస్తాడు.

నన్ను అడిగినావు. రమ్మని నేను చెప్పను, రావద్దని నేను చెప్పను. ఒకసారి ఆ బిడ్డ నోరు మూయించి చూస్తిమి. నువ్వు మధ్యలో మాట్లాడొద్దు. నేనూ వానితో రాను. బిడ్డ నోట్లో నుంచి ఏమొస్తే అది. ఊర్లో మాట అన్నావు. ఆసుపత్రిలో ఊరోళ్ళు ఎవురొచ్చినారు?

మా దిక్కు మాట అంటే నాదే కదా. నేనేమీ అనను.

నాగలక్ష్మమ్మ


తారానగర్
ఏప్రిల్ 13

వదినా,

నిన్న ఆదివారం జరిగింది జరిగినట్టు రాస్తాండా.

అల్లుడు పది గంటలకే వచ్చినాడు. పండ్లు, పాపకు గౌను, ఆ డబ్బా. మనోజ్ఞ లోపల నిద్రపోతాంది. లేపుతా అంటే, "వద్దత్తా, పండుకోనీ" అన్నాడు. పంచలో మీ అన్న పక్కన కూచున్యాడు. ఫోన్ మోగినప్పుడల్లా వీధిలోకి పోయి మాట్లాడి వచ్చి మళ్ళా కూచుంటాడు. పాప వాని ఒళ్ళో కూచొని డబ్బా విప్పి వాచ్ తన చేతికి కట్టుకొని చూసుకొనింది, జారిపోయింది. మధ్యాహ్నం దాకా అట్లే.

మనోజ్ఞ లేచి మొగం కడుక్కొని వచ్చి గడప మీద కూచొనింది. "ఎప్పుడొచ్చినారు?" అనింది.

"ఇంతకుముందే."

అబద్ధం. నేను ఏమీ అనలేదు, మీరు చెప్పినట్టు. తలుపు వెనక నిలబడినా.

వాచ్ దాని ముందర పెట్టి, "ఇంక నీ మీద నేనే కన్నేసి ఉంటా. ఏం రోంత తేడా వచ్చినా నాకు తెలిసిపోతాది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు వదినా, ముఖంలో తెలుస్తాంది.

మనోజ్ఞ దాన్ని ముట్టలేదు. "సుస్తుగా ఉండాది అని మీకు ఎన్నిసార్లు చెప్పినా? మొన్న దీపావళికి చెప్పినా. పాప బర్త్‌డేకు చెప్పినా. మీరు ఫోన్ చూస్తానే 'రెస్ట్ తీసుకో' అన్నారు. ఇది చెప్తే వింటారా, నేను చెప్తే వినరా?" అనింది. గొంతు పెంచలేదు. గొంతు పెంచేంత బలం యాడిది.

అల్లుడు తల వంచుకున్యాడు. మీ అన్న లేచి పాపను తీసుకొని అంగడికి పోయినాడు.

కొంచెంసేపటికి, "ఇప్పుడు వింటాండా. చెప్పు" అన్నాడు.

అది చెప్పింది. "నేను ఇప్పుడే రాను. ఆపరేషన్ అయి, నా కాళ్ళ మీద నేను నిలబడినాక వస్తా. అప్పుడు కూడా వచ్చేది పని చేసేదానికి అని వద్దు."

"పాప స్కూలు?"

"జూన్‌లో తెరుస్తారు. అంతవరకూ నాతోనే ఉంటాది. మీరు వారానికొకసారి రండి. రాకముందు ఫోన్ చెయ్యొద్దు, వీడియో చెయ్యొద్దు. వచ్చి కూచోండి, చాలు."

ఇంత మాట మొగుడితో నేను ఇన్నేండ్లలో ఒక్కసారి అనలేదు. తర్వాత అల్లుడు డబ్బా మూసి సంచిలో పెట్టుకొని, "సరే" అన్నాడు. కోపమో ఒప్పుకోలో నాకు తెలీలేదు. అన్నం తిన్యాడు. మాత్రలు ఏవి ఎప్పుడు వేసుకోవల్లో దాన్నే అడిగి తెలుసుకున్యాడు. పొద్దు వాలకముందే ఒక్కడే పోయినాడు.

కారు పోయినాక మనోజ్ఞ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. వాళ్ళు విడిపోతారేమో అని నాకు భయంగా ఉండాది వదినా. దాని ముఖం చూస్తే మాత్రం, ఎన్నాళ్ళకో బరువు దించినట్టుండాది. వాడు ఇంటికి ఎట్ల వచ్చినాడు? ఏమన్నాడు? రాయండి.

మీ రజని


కప్పగల్లు
ఏప్రిల్ 15

వదినా,

నీ జాబు పక్కీరప్ప తెచ్చిచ్చినాడు. ఆ ఆదివారం విక్రమ్ చీకటి పడేటప్పటికి వచ్చినాడు. వాకిట్లో చెప్పులు విప్పి శానాసేపు ఆడనే నిలబడినాడు. తర్వాత లోపలికొచ్చి, "రాలేదమ్మా" అన్నాడు.

నేను, "సరే, చేతులు కడుక్కో, రొట్టె తిందువు" అన్నా.

తింటా తింటా, "ఎన్నాళ్ళు అంటావు?" అని అడిగినాడు.

"నేను అడగలేదు. నువ్వూ అడగద్దు" అన్నా.

ఇంకొక రొట్టె వెయ్యమన్నాడు. వేసినా.

నాగలక్ష్మమ్మ